మూత నిలబెట్టే విద్య

సెడాన్ కారు డిక్కీ మూత తెరిచి చెయ్యి వదిలేస్తే అది పైనే ఉండిపోవాలి. ఉంటుందన్న ధీమాతోనే మనం తల లోపలికి దూర్చి, నడుము వంచి, మూల ఉన్న సంచిని రెండు చేతులతో లాగుతాం. ఆ కాసేపూ పదీ పన్నెండు కిలోల ఇనుప రేకు మన మెడ మీదే ఉంటుంది. దాని సంగతి ఎవరూ తలుచుకోరు. తలుచుకోనక్కర్లేకుండా చేయడమే దాన్ని తయారుచేసినవాళ్ళ గొప్ప.

మూత నిలవడం మానేసిన రోజు నుంచి బండిలోకి ఒక కర్ర చేరుతుంది. రైల్వే స్టేషన్ల ముందు ఆగే టాక్సీల్లో ఇలాంటివి ఎన్నో చూశాను. చీపురు పిడి, పాత క్రికెట్ స్టంపు, ప్లంబింగు పైపు ముక్క. డ్రైవరు ఒక చేత్తో మూత పట్టుకుని, మోకాలితో పెట్టెను లోపలికి నెట్టి, మిగిలిన చేత్తో కర్ర నిలబెడతాడు. పెట్టె అంచు తగిలి కర్ర జరిగిందంటే మూత ఒక్కసారిగా దిగుతుంది. తాళం బిగించిన అంచే ముందుగా వచ్చి తగులుతుంది. వేళ్ళు నలిగినవాళ్ళున్నారు, నెత్తి పగిలినవాళ్ళున్నారు. కర్రతో నెట్టుకురావలసిన జబ్బు కాదది.

గ్యారేజీల్లో దీన్ని చిన్నపని కింద లెక్కేస్తారు. బిల్లులో ఒక వరుసకు మించి చోటు దక్కదు. అయినా పనితనం చూడాలనిపించినప్పుడు ఇంజను విప్పే చోటుకంటే నేను ఈ మూత దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. ఇక్కడ కండబలం చెల్లదు. ఏ ఎత్తులో ఎంత బరువు పడుతోంది, దానికి ఎదురు ఎంత ఉంది, ఎంత మిగులుతోంది అన్నది చేతికి తెలియాలి. ఆ తెలివి ఉన్న మేస్త్రి పనిచేస్తుంటే, ఆ మూతను మొదట తూచిన ఇంజనీరుతో ఆయన మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

ముందు ఆ ఇంజనీరు ఏం చేశాడో చూద్దాం. డిక్కీ తెరిచి, వెనక సీటు వెనకాల, మడతబందులుండే పైభాగంలోకి లైటు వేసి చూడండి. మన రోడ్ల మీద తిరిగే చాలా సెడాన్లలో అక్కడ ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా పోయే రెండు ఉక్కు కడ్డీలు కనిపిస్తాయి. చిటికెన వేలంత లావు కూడా ఉండవు. బాడీకి బలం కోసం వేసిన ఊచలని అనుకునేవాళ్ళే ఎక్కువ. అవి స్ప్రింగులు. పుస్తకాల్లో టార్షన్ బార్లు, గ్యారేజీలో డిక్కీ రాడ్లు. స్ప్రింగంటే మనకు చుట్టలు చుట్టిన తీగ గుర్తొస్తుంది. ఆ చుట్టల స్ప్రింగును లాగినప్పుడు కూడా లోపల తీగ మెలే తిరుగుతుంది. ఈ కడ్డీలో చుట్ట లేదు, మెలి ఒక్కటే ఉంది.

కడ్డీ ఒక చివరను వంచి, బాడీకి బిగించిన పట్టీలోని గాడిలో ఆపుతారు. రెండో చివర కారు వెడల్పంతా దాటి అవతలి పక్కకు వెళ్ళి, అక్కడి మడతబందు చేతిని తోస్తుంది. మూత కిందికి దిగేకొద్దీ మడతబందు తిరుగుతూ కడ్డీని మెలిపెడుతుంది. దిగే మూత బరువంతా అలా ఆ ఉక్కులోకి చేరి కూర్చుంటుంది. తాళం వదలగానే అదే తిరిగొచ్చి మూతను పైకెత్తుతుంది. మోటారు లేదు, గాలి లేదు, నూనె లేదు. నిన్న మూత వేసినప్పుడు దాచిన బలంతోనే ఇవాళ మూత లేస్తోంది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ రెండు కడ్డీలు పక్కపక్కనే ఎదురెదురుగా పోవడం. ఎడమ మూలన ఆగిన కడ్డీ కుడి మడతబందును ఎత్తుతుంది, కుడి మూలన ఆగింది ఎడమదాన్ని ఎత్తుతుంది. దీనివల్ల రెండింటికీ కారు వెడల్పంత పొడవు దక్కుతుంది. ఆ పొడవే వాటి ప్రాణం. మీటరు పొడవున్న కడ్డీని పావు చుట్టు తిప్పినా ఉక్కు అలవోకగా ఓర్చుకుని మళ్ళీ యథాస్థితికి వస్తుంది. అదే పావు చుట్టు జానెడు ముక్కకు పెడితే అది వంకరపోతుంది, లేదా విరుగుతుంది. పైగా ఇవి సామాను పెట్టే చోటును ఆక్రమించవు. ఎవరికీ పనికిరాని మూలలో, సీటు వెనక పలక కిందుగా, కళ్ళబడకుండా పోతాయి.

మెలి లెక్క పాతదే. 1784లో ఫ్రాన్సులో కూలుంబ్ లోహపు తీగలను మెలితిప్పి చూసి దాని సూత్రం రాసిపెట్టాడు. మెలి ఎంత పెరిగితే ఎదురుతిరిగే బలం అంత పెరుగుతుంది. పొడవు పెరిగితే తగ్గుతుంది. లావు పెరిగితే మాత్రం ఆ బలం లావు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఈ చివరి మాటను మేస్త్రీలు లెక్క కట్టకుండానే ఎరుగుదురు. 7 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 8 మిల్లీమీటర్లది వేస్తే, కంటికి తేడా తెలియదు గానీ బలం దాదాపు 1.7 రెట్లవుతుంది. అందుకే వేరే మోడల్ కారు కడ్డీ చేతికి దొరికింది కదా అని బిగించరు. కార్ల చక్రాల కిందికీ ఈ మెలి కడ్డీయే వచ్చింది. ఫెర్డినాండ్ పోర్షె 1931లో దానికి పేటెంటు తీసుకున్నాడు, తర్వాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ దాని మీదే నడిచింది.

అంకెల్లో ఒకసారి చూస్తే సంగతి ఇంకా బాగా బోధపడుతుంది. ఉదాహరణకు మూత బరువు 12 కిలోలు, ఆ బరువు కేంద్రం మడతబందు ఇరుసు నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. మూసి ఉన్నప్పుడు అది కిందికి తిప్పే బలం సుమారు 53 న్యూటన్ మీటర్లు. 7 మిల్లీమీటర్ల లావు, మీటరు పొడవు ఉన్న ఉక్కు కడ్డీని 90 డిగ్రీలు మెలిపెడితే అది సుమారు 29 న్యూటన్ మీటర్లతో తిరగబడుతుంది. రెండు కడ్డీలకు 58. అంటే 53కు ఎదురు 58. మిగులు 5. ఆ కాస్త మిగులే మూత పైన నిలవడానికి ఆధారం. ఎక్కువ మిగిలిస్తే తాళం తీయగానే మూత ఎగిరి ముఖానికి తగులుతుంది, వేయాలంటే దాని మీద కూర్చోవాలి. తక్కువ మిగిలిస్తే గాలికే దిగిపోతుంది. ఇంత ఇరుకు దారిలో నడిపించారు ఆ మూతను.

ఇంకో చిత్రముంది. మూత పైకి లేచేకొద్దీ దాని బరువు ఇరుసు మీదికి వాలుతుంది, కిందికి లాగే దూరం తగ్గుతుంది. సరిగ్గా అదే సమయంలో కడ్డీ మెలి విప్పుకుంటుంది, దాని బలమూ తగ్గుతుంది. రెండూ జంటగా తగ్గుతాయి. అందుకే మొదట్లో ఎంత తేలిగ్గా లేస్తుందో చివరిదాకా అంతే తేలిగ్గా లేస్తుంది. ఒకప్పుడు మన పొలాల్లో ఏతం మీద నడిచే మనిషి అడుగు ముందుకూ వెనక్కూ వేస్తూ బాన బరువుకు తన బరువును సరిచూసుకున్నట్టే, ఈ కడ్డీ ప్రతి ఎత్తులోనూ మూతకు తన బలాన్ని సరిచూసుకుంటుంది. బరువుకు స్ప్రింగును ఇలా అడుగడుగునా సరితూచడాన్ని ఒక పట్టుదలగా పెట్టుకుని సాధించినవాడు జార్జ్ కార్వర్డిన్ అనే ఇంగ్లండు కారు ఇంజనీరు. 1930ల మొదట్లో ఆయన చేసిన ఆ ప్రయోగాల నుంచే ఎక్కడ వదిలితే అక్కడ ఆగే యాంగిల్‌పాయిజ్ బల్లదీపం పుట్టింది. కార్ల సస్పెన్షన్ పని చేసిన మనిషి చేతి నుంచి ఆ దీపం రావడం నాకు సహజంగానే అనిపిస్తుంది.

ఇక బాగుచేసే చేయి. విజయవాడ ఆటోనగర్ అనగానే అందరికీ లారీల బాడీలు, వెల్డింగు మెరుపులు, టైర్ల గుట్టలు గుర్తొస్తాయి. ఆ మోతలోనే చెవికి వినిపించని పనులు చేసేవాళ్ళూ ఉన్నారు. నేను తరచూ వెళ్ళి నిలబడే ఒక టింకరింగ్ షెడ్డులో పెద్దవయసు మేస్త్రి ఒకాయన ఉన్నారు. డిక్కీ మూత నిలవడం లేదని బండి వస్తే ఆయన ముందు పానా తీయరు. మూతను పూర్తిగా ఎత్తి, అరచెయ్యి తాకీ తాకనట్టు కింద ఉంచి, వదులుతారు. తర్వాత జానెడు దించి మళ్ళీ వదులుతారు. సగంలో ఒకసారి, మూయడానికి ముందు ఒకసారి. అంతసేపూ కళ్ళు మూత మీద ఉండవు, మడతబందుల మీద ఉంటాయి.

ఆ నాలుగు వదలడాల్లోనే జబ్బు చాలావరకు బయటపడుతుంది. పైన నిలిచి, సగంలో మెల్లగా జారుతుంటే తూకం కొద్దిగా తప్పిందన్నమాట. మూతకు ఏదో బరువు చేరింది. ఎక్కడ వదిలినా పడిపోతుంటే ఒక కడ్డీ గాడిలోంచి జారింది, లేదా విరిగింది. ఒక మూల ముందు దిగుతూ, ఆ పక్క సందు రెండో పక్కకంటే తక్కువగా కనిపిస్తే ఆ పక్కను ఎత్తే కడ్డీని అనుమానించాలి. ఆ కడ్డీ ఆగేది అవతలి మూలన కాబట్టి వెతకాల్సింది అక్కడ. కొత్తవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. ఇవేవీ కాకుండా మూత లేవడానికీ దిగడానికీ కూడా మొరాయిస్తూ, మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఆగుతుంటే బలం లోపం కాదు. మడతబందు ఇరుసులో తుప్పో, ఎండిన గ్రీజో పట్టేసింది. దానికి కడ్డీ బలం పెంచితే జబ్బు దాగుతుంది, పోదు.

ఒకసారి టాక్సీ డ్రైవరు ఒకతను వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో.

"డిక్కీ రాడ్లు పోయాయి మేస్త్రిగారూ, కొత్తవి వేసెయ్యండి" అన్నాడు.

ఆయన మూతను రెండుసార్లు వదిలి చూసి, "రాడ్లకేం కాలేదయ్యా. దీనికి కొత్తగా ఏం తగిలించావు?" అన్నారు.

"ఏం లేదండీ. వెనక స్పాయిలరు వేయించా. ప్లాస్టిక్కేనండీ, బరువేముంటుంది?"

"ఎంత ఉందో తర్వాత చూద్దాం. ఎక్కడ పెట్టావో చూడు" అని మూత చివరి అంచును వేలితో తట్టారు.

ఆ వేలితో తట్టినదాన్ని అంకెల్లో పెడితే ఇలా ఉంటుంది. కిలో బరువున్న స్పాయిలరును ఇరుసుకు 80 సెంటీమీటర్ల దూరంలో బిగిస్తే దాని తిప్పుడు బలం సుమారు 7.8 న్యూటన్ మీటర్లు. 12 కిలోల మూతకు కిలో చేరితే బరువు 8 శాతమే పెరిగింది. తిప్పుడు బలం మాత్రం 15 శాతం పెరిగింది. 53 ఉన్నది 61 దగ్గరికి వచ్చింది. కడ్డీలు ఇచ్చేది 58. మిగులు పోయి లోటు వచ్చింది. కడ్డీ ఏమీ పాడవలేదు, తన పని తాను చేస్తూనే ఉంది. కొన్ని కంపెనీలు ఇందుకే స్పాయిలరున్న బండికీ లేని బండికీ వేర్వేరు కడ్డీలు వేస్తాయి. బయట వేయించుకున్నప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పరు. మూత లోపల అతికించే సౌండు షీట్లు, అంచు పొడవునా వేసే మెరుపు పట్టీలు కూడా ఇలాంటి బరువులే.

దీనికి మందు అదే పట్టీలో ఉంది. కడ్డీ చివర ఆగే పట్టీకి చాలా బండ్లలో ఒకటికి మించి గాడులుంటాయి. కడ్డీని పక్క గాడికి జరిపితే దానికి ముందే కొంత మెలి ఎక్కువ పడుతుంది. గాడికీ గాడికీ మధ్య 12 డిగ్రీల తేడా ఉందనుకుంటే, పై లెక్కలోని కడ్డీకి 3.9 న్యూటన్ మీటర్లు పెరుగుతుంది. రెండు కడ్డీలకు 7.8. స్పాయిలరు తెచ్చిన బరువు సరిగ్గా తీరిపోయింది. రేపు ఎవరో ఏదో తగిలిస్తారని, కడ్డీ వయసుతో కొంత మెత్తబడుతుందని ముందే ఊహించి ఆ గాడులు కోసి పెట్టినవాడికి నేను మనసులో దండం పెట్టుకుంటాను. పైసా ఖర్చు లేదు, కొత్త సామాను లేదు.

జరపడం మాత్రం ఆషామాషీ పని కాదు. మూత మూసి ఉన్నప్పుడు కడ్డీ వంపు తన గాడిని ఎంత గట్టిగా నొక్కుతుందో చూడండి. వంపు పొడవు 5 సెంటీమీటర్లయితే, 29 న్యూటన్ మీటర్ల మెలి అక్కడ సుమారు 60 కిలోల బరువై కూర్చుంటుంది. ఒక మనిషి నిలబడ్డంత. మూత పూర్తిగా తెరిచినప్పుడు మెలి చాలావరకు విప్పుకుని, 20 డిగ్రీలే మిగిలితే అది 13 కిలోలకు దిగుతుంది. కాబట్టి ఈ పని ఎప్పుడూ మూత బార్లా తెరిచే చేయాలి. ఆ రోజు మేస్త్రి షెడ్డులో పనిచేసే కుర్రాణ్ణి పిలిచి, "ఒరేయ్, రెండు చేతులతో పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు" అన్నారు. అంతటితో ఆగకుండా పక్కన గట్టి రాడ్డు కూడా పోటు పెట్టించారు. మనిషి చేతిని నమ్మినా, ఒక్క చేతినే నమ్మరు.

తర్వాత సుద్దముక్కతో కడ్డీ ఉన్న గాడి మీద గుర్తు పెట్టారు. పాత స్థానం తెలియకుండా పని మొదలుపెడితే తిరిగి రావడానికి దారి ఉండదు. వెనక అద్దం మీద, పెయింటు మీద మందపాటి గుడ్డ కప్పారు. మూరెడు పొడవున్న ఇనుప పైపును కడ్డీ వంపు మీదికి తొడిగారు. పట్టకారుతో పట్టుకుని లాగేవాళ్ళను చూశాను. పట్టకారు జారుతుంది, జారితే కడ్డీ చివర ఎగిరి వచ్చేది ముఖం మీదికే. పైపు తొడిగితే వంపు అందులో బందీ అయిపోతుంది. ఆయన ముఖం, మోచెయ్యి ఆ పైపు తిరిగే దారిలో లేకుండా ఒక పక్కకు నిలబడ్డారు. పైపును కొద్దిగా తిప్పి, వంపు గాడిలోంచి లేవగానే ఒక క్షణం ఆపారు. బలం ఎంతుందో చేతికి తెలియడానికే ఆ ఆగడం. అప్పుడు పక్క గాడి మీదికి తెచ్చి మెల్లగా దించారు. టక్‌మన్న చప్పుడు రాలేదు. చప్పుడు వస్తే కడ్డీ చేయి దాటి పోయినట్టు.

ఒక పక్క అయ్యాక మూత వదిలి చూశారు. సగంలో ఆగింది గానీ ఒక మూల కాస్త పైకి లేచింది. రెండో పక్క కూడా అదే గాడికి మార్చాక మూత సమంగా నిలిచింది. ఒక పక్కే మార్చి వదిలేస్తే మూత నిలవొచ్చు. అది రోజూ వంకరగా లేచి, కొన్నాళ్ళకు ఆ మూలన బీడింగు రబ్బరు నలిగి, వానాకాలంలో డిక్కీలోకి నీళ్ళు దిగుతాయి.

పని ముగిశాక ఆయన కడ్డీ పొడవునా బొటనవేలి గోరు జరిపారు. ఇది చూసినప్పుడే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. మెలి తిరిగే కడ్డీలో శ్రమంతా పై పొర మీదే పడుతుంది, మధ్యలో ఉన్న ఉక్కుకు దాదాపు పనే లేదు. పైపొర మీద తుప్పు చిన్న గుంట తీసినా, మూత వేసి తీసిన ప్రతిసారీ ఆ గుంట దగ్గరే చీలిక లోపలికి పాకుతుంది. ఏదో ఒక రోజు ఆ చోటే పటుక్కున తెగుతుంది. గోటికి గుంట తగిలితే ఆ కడ్డీని ఆయన ఉంచరు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళ నుంచి వచ్చే బండ్లలో ఈ గోరు పరీక్ష ఇంకా అవసరం. గుంట లేకపోతే, గాడిలోనూ రెండు కడ్డీలు ఒకదానికొకటి రాసుకునే చోటా కాస్త గ్రీజు రాసి వదిలేస్తారు.

తెగిన కడ్డీని వెల్డింగు పెట్టి ఇచ్చే చోట్లు ఉన్నాయి. గ్యాసు మంట పెట్టి వంపును ఇంకొంచెం వంచి, బలం పెరిగిందని చెప్పే చోట్లూ ఉన్నాయి. రెండూ తప్పే. ఆ ఉక్కుకు స్ప్రింగు గుణం వచ్చింది లెక్కగా కాచి, చల్లార్చి, మళ్ళీ కాచడం వల్ల. మంట తగిలిన చోట ఆ గుణం పోయి మామూలు ఇనుములా మెత్తబడుతుంది, లేదా గాజులా పెళుసవుతుంది. వారం రోజులు మూత నిలబడుతుంది కాబట్టి డబ్బులు ఇచ్చిన మనిషి తృప్తిగానే వెళ్తాడు. ఈసారి మాత్రం అది మెల్లగా జారదు, ఒక్కసారిగా పడుతుంది.

వెనక తలుపు మొత్తం పైకి లేచే హ్యాచ్‌బ్యాక్ బండ్లది వేరే కథ. అక్కడ రెండు పక్కలా నల్లటి గొట్టాల్లోంచి మెరిసే రాడ్లు సాగే గ్యాస్ స్ట్రట్‌లుంటాయి. మనవాళ్ళు డిక్కీ షాకర్లంటారు. గొట్టంలో గట్టిగా కుక్కిన నైట్రోజన్, చివర కొద్దిగా నూనె. లోపలి పిస్టనుకు సన్న రంధ్రం ఉంటుంది కాబట్టి దానికి రెండు పక్కలా ఒకే పీడనం. మరి రాడ్డును బయటికి తోసేదేమిటి? రాడ్డు ఉన్న పక్క, ఆ రాడ్డు మందం మేరకు పిస్టను మీద గ్యాసుకు చోటు తక్కువ. ఆ చిన్న తేడాయే మొత్తం బలం. 8 మిల్లీమీటర్ల రాడ్డుతో 400 న్యూటన్ల తోపు రావాలంటే లోపల సుమారు 80 బార్ల పీడనం కావాలి. కారు టైరులో ఉండేది రెండున్నర బార్లకు లోపే. అందుకే పాత షాకర్లను కోయకూడదు, మంటలో పడేయకూడదు.

గ్యాసుకు ఎండా చలీ తెలుసు. గొట్టం మీద రాసిన బలం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచింది. రెంటచింతలలో 45 డిగ్రీల ఎండలో అదే 400 న్యూటన్ల షాకరు 434 ఇస్తుంది. లంబసింగిలో 5 డిగ్రీల తెల్లవారుజామున 380కి దిగుతుంది. అందువల్ల సీలు అరిగి గ్యాసు కారుతున్న షాకరు డిసెంబరు పొద్దుటిపూట మొదట బయటపడుతుంది. మధ్యాహ్నం నిలిచే తలుపు ఉదయం జారుతోందంటే మడతబందుల్ని వెతకనక్కర్లేదు.

మార్చే పని చూడ్డానికి తేలిక. చివరనున్న ప్లాస్టిక్కు గిన్నెలో ఉక్కు గుండు కూర్చుని ఉంటుంది, చుట్టూ సన్న క్లిప్పు. తెలిసినవాళ్ళు చిన్న స్క్రూడ్రైవరుతో క్లిప్పును సగం లేపి గిన్నెను నేరుగా బయటికి లాగుతారు. పూర్తిగా ఊడబీకితే క్లిప్పు వంగిపోయి మళ్ళీ పట్టదు. కొత్తదాన్ని రాడ్డు కిందికి ఉండేలా బిగించాలి. నూనె సీలు దగ్గరే ఉండి దాన్ని తడిగా ఉంచుతుంది, తలుపు పై చివరకు చేరేటప్పుడు వేగాన్ని తగ్గించేదీ ఆ నూనెనే. మెరిసే రాడ్డును పట్టకారుతో ముట్టుకోకూడదు. దాని మీద పడ్డ గీత ప్రతిసారీ సీలును చీరుతూనే ఉంటుంది. ఒక్కటే పోయినా రెండూ మార్చాలి, లేకపోతే తలుపు ఒక పక్కకు మెలిపడుతుంది. పాతదానికి రంధ్రం వేసి గ్యాసు నింపుతామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని నా మాట. సీలు పోయింది కాబట్టే గ్యాసు పోయింది. ఆ సీలు అలాగే ఉండగా నింపిన గ్యాసు ఎంతకాలం ఉంటుంది? ఎక్కువ బలమున్నవి వేస్తే మేలనుకోవడం కూడా పొరపాటు. ఆ అదనపు తోపు పడేది గుండు బిగించిన పలచటి రేకు మీద. కొన్నాళ్ళకు అది ఉబ్బి చిరుగుతుంది.

మళ్ళీ ఆటోనగర్ షెడ్డులోని సెడాన్ దగ్గరికి వస్తే, మూత నిలిచిందని చూసి డ్రైవరు జేబులో చెయ్యి పెట్టాడు. మేస్త్రి ఆగమన్నారు. కడ్డీల బలం పెరిగింది కాబట్టి మూసి ఉన్న మూతను అవి కింది నుంచి ఇంకొంచెం గట్టిగా తోస్తుంటాయి. ఆ తోపుకు తాళం దగ్గర మూత కొద్దిగా పైకి లేచిందేమో అంచు వెంట వేలు జరిపి చూశారు. మూత కింద రెండు మూలలా మరమేకులా తిరిగే రబ్బరు బుడిపెలుంటాయి. వాటిని పావు తిప్పు చొప్పున లోపలికి తిప్పుతూ, మూత వేసి, సందు చూసి, మళ్ళీ తిప్పారు. రెండు పక్కలా సందు సమానమయ్యాక కుర్రాణ్ణి బండి ఎక్కమన్నారు. ముందు చక్రాలు షెడ్డు వాలుపలక మీదికి ఎక్కించి ఆపించారు. బండి ముక్కు పైకి, తోక కిందికి. ఘాటురోడ్డు ఎక్కుతూ మధ్యలో ఆగిన బండి ఇలాగే ఉంటుంది. అప్పుడు తెరిచిన మూత వెనక్కు వాలుతుంది, సమతలం మీద చక్కగా నిలిచేది కూడా అక్కడ పడిపోవచ్చు. ఆయన మూత తెరిచి వదిలారు. నిలిచింది. సగానికి దించి వదిలారు. కొంచెం ఆలోచించినట్టు ఆగి, నిలిచింది.

"తిరుమల కిరాయిలకు వెళ్తావుగా" అన్నారు డ్రైవరుతో. "ఇప్పుడివ్వు డబ్బులు."